తడక తీయకముందు

గొర్రె నొప్పి చెప్పదు. కాలు బెణికినా, కడుపు ఉబ్బినా మందతో పాటే నడుస్తుంది. వెనకబడితే తోడేలు నోట పడతానని దానికి పుట్టుకతోనే తెలుసు. అందుకే మేము గొర్రెను అడగం. చూస్తాం. నెమరు వేస్తున్నదా, చెవులు ఎటు వాల్చింది, నీళ్ల దగ్గర ఎంతసేపు నిలబడింది. ఏడో తరగతితో బడి మానేశాక నేను చదివిన చదువంతా ఇదే.

ఆ చదువు నాకు చెప్పినవాడు మా బావ బీరయ్య. తిట్టి చెప్పాడు. మా అక్క ఎల్లవ్వను చేసుకున్న నాటి నుంచి నన్ను తిట్టకుండా ఆయనకు పొద్దు గడిచింది లేదు. "నీ మొకానికి గొర్లెందుకురా కొంరెల్లీ, కోళ్లను గాసుకో పో" అనేవాడు. గుట్ట ఈ పక్క నుంచి తిడితే ఆ పక్క మేసే గొర్లు తల ఎత్తేవి. నేను బదులు చెప్పేవాణ్ణి కాదు. నాకు మాటలు తక్కువ. ఆయనకు ఊపిరి ఎక్కువ. అట్లా జోడీ కుదిరింది.

పోయినేడు వానలు వెనకబట్టినప్పుడు, గుట్ట మీద తుమ్మకొమ్మలు కోస్తూ బావ ఒక్కసారిగా కూలబడ్డాడు. పిడికిలి రొమ్ము మీద పెట్టుకున్నాడు. ముఖం మసి గుడ్డలా అయింది.

"గ్యాసురా. రాత్రి తిన్న గుడాలు" అన్నాడు.

గ్యాసు కాదు. పట్నం ఆసుపత్రిలో గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని చెప్పారు. రింగు వేయాలన్నారు. అక్కడే డాక్టర్ వాసంతి మా దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడింది. నిలబడి మాట్లాడే డాక్టర్లనే చూసిన మాకు అదే పెద్ద గౌరవమనిపించింది.

"మామూలు రింగు ఒక గొట్టం లాంటిది. తెరుచుకుని ఉంటుంది, అంతే. మేము కొత్తగా తయారు చేసిన 'నిశ్చింత' అలా కాదు. సడలుతుంది, బిగుస్తుంది. మీకు ఎంత రక్తం కావాలో అంతే వదులుతుంది" అన్నది.

"పొలంల మడవ కట్టే మనిషి లెక్క" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి "సరిగ్గా అదే" అన్నది.

"మరి ఏ మడికి ఎన్ని నీళ్లో ఆ మనిషికి ఎవలు చెప్తరు డాక్టరమ్మా?" అని బావ అడిగాడు.

"మీరే చెప్తారు."

సబ్బు బిళ్లంత తెల్లటి డబ్బా ఒకటి తీసి చూపించింది. అది రోజూ పొద్దున ఏడింటికి ఎలా ఉన్నారని అడుగుతుంది. ఆయన చెప్పాలి. బాగున్నానని చెప్పిన పొద్దున ఒంట్లో రక్తం ఎట్లా నడుస్తున్నదో గుండెలోని రింగు గుర్తుపెట్టుకుంటుంది. అట్లా నలభై రోజులు నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ బాగు నుంచి మనిషిని పక్కకు జరగనివ్వదు.

"రోగి బాగున్నాడో లేదో ఇన్నేళ్లూ మేమే చెప్పాం. ఇప్పుడు రోగి చెప్తాడు, మేము వింటాం" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో నిజం ఉంది. అందుకే ఆమె మీద నా కోపం ఇప్పటికీ తక్కువే.

బావ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "రోజు పొద్దుగాల ఆడపిల్ల గొంతు ఎట్లున్నవని అడుగుతదట. ముప్పై ఏండ్ల సంది మీ అక్క అడిగిందారా?"

"అడుగుడెందుకు? నీ తిట్లు ఇంటే ఊరందరికి ఎరుకయితది నువ్వు మంచిగున్నవని" అన్నది అక్క.

వాసంతి డాక్టరు నవ్వింది. బావ కాగితం మీద వేలిముద్ర వేశాడు. వేసే ముందు గొంగడి భుజాన వేసుకుని నవ్వుతుంటే ఎవరో ఫొటో తీశారు.

*

ఒక సంగతి ఆ డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. చెప్పాలని మాకు తోచలేదు. ఇంట్లోకి పోతూ చెప్పులు విడుస్తామని ఎవరైనా డాక్టరుకు చెప్తారా?

గొర్ల దొడ్డికి ముళ్లకంపతో అల్లిన తడక ఉంటుంది. మంచు ఆరి, ఎనిమిది గంటల వేళకు ఆ తడక తీసి మందను వదులుతాం. తీయకముందు దొడ్డిలో చెడుమాట అనం. తోడేలు పేరు తీయం, 'గుట్ట కుక్క' అంటాం. రోగం అనం. నొప్పి అనం. చావు అనం. ఆ మాట మందలోకి దూరి జీవాలకు తగులుతుందని మా పెద్దలన్నారు. మా తాత ఒకనాడు తడక తీయకముందు "కాలు గుంజుతున్నది" అన్నాడట. ఆ ఏడు సగం మంద గిట్టల రోగంతో కుంటిందట. నమ్ముతావా అంటే చెప్పలేను. పాటిస్తాను.

ఏడింటికి బావ ఎక్కడుంటాడు? దొడ్డిలో ఉంటాడు. గుండెలో రింగు వేయించుకుని అప్పుడే ఇల్లు చేరినవాడైనా సరే. డబ్బా చేతికి అందేంత దగ్గర ఉండాలన్నారు కాబట్టి దాన్ని తడక గుంజకు వేలాడదీశాడు.

నాలుగో రోజు. పసరు కక్కి, గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"బీరయ్య గారూ, నమస్కారం. ఈ రోజు ఎలా ఉన్నారు?"

"మంచిగనే ఉన్న తల్లీ."

తొమ్మిదో రోజు. రాత్రంతా చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని అది కొట్టుకుంటున్నదో లేదో చూసుకుంటూ కూర్చున్నాడని అక్క చెప్పింది. పొద్దున డబ్బా అడిగింది. మంచిగనే ఉన్నానన్నాడు.

పద్దెనిమిదో రోజు తెల్లవారకముందు బావను కన్న అవ్వ పోయింది. ఏడు గంటలకు వాకిట్లో పాడె కడుతున్నారు. మందకు చావు తెలియదు, ఆకలి తెలుసు. గొర్రెపిల్లలకు పాలు విడవడానికి బావ దొడ్డిలోకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బీరయ్య గారూ, నమస్కారం. ఈ రోజు ఎలా ఉన్నారు?"

పైపంచె నోట్లో కుక్కుకున్నాడు. తీశాడు. "మంచిగనే ఉన్న తల్లీ" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో గొర్రెపిల్ల ఉంది. విన్నాను. మర్యాదగా చెప్పాడనుకున్నాను. నా కోపంలో మొదటి వాటా నాకే.

నలభయ్యో రోజు పట్నం ఆసుపత్రి నుంచి ఒక మనిషి వచ్చాడు. ఫోనులో ప్రశ్నలు చూసి చదివాడు.

"మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా?"

"మెట్లు లెవ్వు సారూ మాకు."

'ఇబ్బంది లేదు' అని నొక్కాడు.

"ఇంటి పనులు చేసుకోగలుగుతున్నారా?"

"ఇంటి పని ఆయన ఎన్నడు జేసిండు గనుక?" అన్నది అక్క.

'ఇబ్బంది లేదు.'

"భయం, దిగులు లాంటివి?"

"మీరుండంగ దిగులేంది సారూ."

"మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా?"

బావ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"ఉన్నడు మా బామ్మర్ది. గొర్రెకైనా చెప్పుకోవచ్చు గని వీనికి చెప్పలేం. బదులియ్యడు."

'ఉన్నారు' అని నొక్కాడు. అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, మంచి మనుషులని మెచ్చుకుని వెళ్లిపోయాడు. మజ్జిగ తాగే మనిషికి ఎదురుగా నొప్పులు ఏకరువు పెట్టే ఇల్లు కాదు మాది.

*

నలభై ఒకటో రోజు నుంచి నేను చూడటం మొదలుపెట్టాను. గొర్రెను చూసినట్టు.

ముందు తిట్లు ఆగిపోయాయి. తిట్టడానికి ఊపిరి కావాలి. ముప్పై అడుగులు నడిచి నిలబడేవాడు. గుట్టను చూస్తున్నట్టు నటించేవాడు. ఆ గుట్టను యాభై ఏళ్లుగా చూస్తున్న మనిషి. నిలబడ్డప్పుడల్లా ఎడమ చెవి భుజానికి వాలేది.

బీరప్ప పండుగ వచ్చింది. డోలు మీద మా బావ చెయ్యి పడితే పక్క ఊరి వాళ్లు తమ డోళ్లు దించి వినేవాళ్లు. ఆ రోజు డోలు మెడకు తగిలించుకున్నాడు. నాలుగు దెబ్బలు వేశాడు. అయిదో దెబ్బకు చెయ్యి గాలిలోనే ఆగింది. పెదవులు బూడిద రంగుకు తిరిగాయి. డోలు దించి పక్కన కూర్చున్నాడు.

"ఎండరా" అన్నాడు.

ఆ రోజు ఎండ లేదు. మబ్బు పట్టి ఉంది.

ఇంకో రోజు మా పొట్టేలు ఉరికొచ్చి, వంగి నీళ్లు తాగుతున్న గొర్ల బేరగాణ్ణి వెనక నుంచి ఒక్క గుద్దు గుద్ది బురదలో పడేసింది. చుట్టూ ఉన్నవాళ్లు పడి పడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. లోపల ఎవరో నోరు మూసినట్టు నవ్వు మధ్యలో తెగిపోయింది. నవ్వు మొదలైనప్పటి నుంచి చెయ్యి రొమ్ము మీదికి పోయేదాకా లెక్కపెట్టాను. ఆరు ఊపిర్లు. తర్వాత ఎప్పుడు చూసినా అంతే. ఆరో ఊపిరికి రింగు బిగుస్తుంది. నవ్వడానికి కావలసిన రక్తం అది వదలదు. పద్దెనిమిదో రోజు పొద్దున ఉన్నట్టే ఆయనను ఉంచుతుంది. ఆయన చెప్పిన బాగు అదే కదా.

అక్కకు నాకంటే ముందే తెలుసు. ఒకనాడు పొయ్యి ముందు కూర్చుని అన్నది:

"నవ్వితే పట్టుకుంటదట. అందుకే నవ్వులాట మాట చెప్పుడు మానేసిన. పక్కకు పోయి పండుకుంటె ఉలిక్కిపడ్తడని మంచం అవుతల ఏసుకున్న. ఉప్పు బంద్ వెట్టిన. ఇంకేం బంద్ వెట్టాల్నో ఆ డాక్టరమ్మను అడిగి రారాదురా తమ్మీ."

"దవాఖానకు పోదాం పా" అని బావను నేనడిగాను.

"ఎందుకు? రింగు మంచిగనే పనిజేస్తున్నది" అన్నాడు. అది మాత్రం నిజం. చాలా మంచిగా పనిచేస్తున్నది.

*

పదకొండో నెలలో వాళ్లే పిలిచారు. పెద్ద సభ అన్నారు. కారు పంపారు.

హాలు గుమ్మం ముందు మనిషి ఎత్తు బొమ్మ. గొంగడి వేసుకుని మా బావ నవ్వుతున్నాడు. వేలిముద్ర వేసిన నాటి ఫొటో. దాని కింద పెద్ద అక్షరాలు: 'నాలుగు వందల పన్నెండు మందిలో అత్యుత్తమ జీవన నాణ్యత'. బొమ్మ పక్కన అసలు మనిషి నిలబడ్డాడు. కారు దిగి అక్కడిదాకా నడిచిన ఆయాసానికి నోరు తెరిచి ఉన్నాడు. బొమ్మను చూసి గుర్తుపట్టనట్టు మొహం తిప్పుకున్నాడు.

లోపల డైరెక్టరు రాజశేఖరం గారు తెర మీద ఒక గీత చూపించారు. తెల్లకోటు కింద ఖరీదైన బట్టలు, మెత్తటి గొంతు.

"చూడండి. పది నెలలుగా ఒక్క ఒడిదుడుకు లేదు. గొర్రెల కాపరి బీరయ్య గారి గీత ఇది. వచ్చే నెల నుంచి నలభై వేల మందికి నిశ్చింత అమర్చబోతున్నాం."

గీత చాపలా పరుచుకుని ఉంది. బతికి ఉన్న గొర్రెకు చెవి అయినా కదులుతుంది. నాకు కాళ్లలో నుంచి వేడి ఎక్కింది. లేచి నిలబడ్డాను. అంతమంది ముందు నేనెప్పుడూ నోరు తెరవలేదు.

"ఆయన బాగలేడు" అన్నాను.

"మీరెవరు?"

"బామ్మర్దిని."

కొందరు నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వారు. "కూర్చోండి. బావమరిదిని కాదు, పేషెంటునే అడగాలి. మన పద్ధతే అది కదా" అంటూ మైకు పట్టుకుని స్వయంగా దిగి వచ్చారు. బావ భుజం మీద చెయ్యి వేశారు.

"బీరయ్య గారూ, ఎలా ఉన్నారు?"

బావ లేచాడు. అంత పెద్ద మనిషి దిగి వచ్చి అడిగాడు. వాళ్ల కారులో వచ్చాడు, వాళ్ల అన్నం తిన్నాడు. చేతులు రెండూ జోడించాడు.

"మంచిగనే ఉన్న సారూ. మీ దయ."

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డోలు దెబ్బకు తప్ప దేనికీ అదరని మనిషి ఆ చప్పుడుకు అదిరి కుర్చీ పట్టుకున్నాడు.

బయటికి రాగానే ఆయన రెక్క పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కుపోయాను.

"ఎక్కు."

"ఎందుకురా?"

"ఎక్కు బావా. మెట్లెక్కితే ఆయాసమొస్తదా అని అడిగిండ్రు గద. జవాబియ్యి."

"వానికి పిచ్చి లేసిందే ఎల్లీ..."

"ఎక్కు" అన్నది అక్క కూడా.

ఏడు మెట్లు ఎక్కాడు. ఎనిమిదో మెట్టు మీద కూలబడ్డాడు. పెదవులు బూడిద. ఎడమ చెవి భుజానికి వాలింది. వెనక నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నారు. వాసంతి డాక్టరు. సభలో నా మాట విని వెంట వచ్చిందట.

"ఎప్పటి నుంచి ఇలా?"

చెప్పాను. తడక సంగతి, ఏడు గంటల సంగతి, వాకిట్లో పాడె సంగతి. నా జన్మలో ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడాను. వింటూ వింటూ ఆమె కూడా ఆ మెట్టు మీదే కూర్చుంది.

"మీ అమ్మగారు పోయిన రోజు కూడా బాగున్నానని చెప్పారా?" అని బావను అడిగింది.

"ఇంక తడక తీయలే గద డాక్టరమ్మా" అన్నాడు బావ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె ఆయన మణికట్టు వదిలి, "నలభై రోజులూ అది మీ నొప్పినే నేర్చుకుంది. మీ గీత తిన్నగా ఉందంటే అది నొప్పి గీత" అన్నది.

"తప్పయిందని మీ సారుకు చెప్పి దాన్ని ఇడిపియ్యరాదు?" అన్నది అక్క.

"ఈయన గీత చూపించే మా డైరెక్టరు నలభై వేల మందికి అనుమతి తెచ్చారు. ఒప్పుకోరు. కానీ ఒక దారి ఉంది. తయారుచేసేటప్పుడు నేనే పెట్టాను. వరుసగా మూడు పొద్దులు 'బాగాలేను' అని రోగి తన నోటితో డబ్బాకు చెబితే, రింగు నేర్చుకున్నదంతా మరిచిపోయి పూర్తిగా తెరుచుకుంటుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది."

"ఎవలన్న చెప్పిండ్రా అట్ల?" అని నేనడిగాను.

ఆమె తల వంచుకుంది. "నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరు కూడా చెప్పలేదు. అది రింగు గొప్పతనం అనుకున్నాం."

"అందరింట్ల తడకలున్నయా ఏంది?" అన్నది అక్క.

ఆమె తల ఎత్తి, "ఇంకో మాట. మళ్లీ నేర్చుకునే నలభై రోజులు రింగు కాపలా ఉండదు. మాత్రలే దిక్కు. పోటు వచ్చినా రావచ్చు. నేను చెప్పానని కాదు, ఆలోచించుకుని చేయండి" అన్నది.

"ఇప్పుడు రోజు వస్తున్నది పోటు గాదా?" అన్నది అక్క. బావను లేపి నిలబెట్టింది.

*

ఊరికి వచ్చిన మర్నాడు ఏడింటికి డబ్బా అడిగింది. బావ నన్ను చూశాడు, గొర్లను చూశాడు. "మంచిగనే ఉన్న తల్లీ" అన్నాడు.

చేతిలోని బిందె నేలకేసి కొట్టాను. గొర్లు బెదిరి ఒక మూలకు చేరాయి.

"మందల ఎట్లంటరా ఆ మాట! జీవాలకు తగుల్తది" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమొచ్చే దారి రింగు మూసేసింది.

"బావా, ముందు నడిచే గొర్రె బాయిల దుంకితే ఏమైతది?"

బావ గొంగడి పరిచి కూర్చున్నాడు.

"నువ్వే చెప్పినవు నాకు. ఎనకున్నయన్ని దుంకుతయని. దాని పాపం ముందు గొర్రెకే అన్నవు. నీ బొమ్మ వెట్టి నలభై వేల మందిని తోలుకపోతుండ్రు. నువ్వు దుంకినవు. చప్పట్లు గొట్టిండ్రు."

ఆయన అట్లే గొంగడి మీద కూర్చుని పగలంతా లేవలేదు. ఇంత మాట బామ్మర్ది అన్నాడే అని కాదు. ఆ మాట తనదే కాబట్టి.

ఉపాయం అక్క కనిపెట్టింది. మరుసటి పొద్దున ఆరున్నరకే వచ్చి తడక తీసి అవతల పారేసింది.

"పిచ్చిదానా, గడ్డి మీద మంచున్నది. మంచు గడ్డి మేస్తే కడుపుల పురుగు పడ్తది గొర్లకు" అన్నాడు బావ.

"మేయనియ్యం. తమ్ముడు పరుపుబండ మీదికి తోల్తడు. మంచు ఆరేదాక బండ మీద నిలవెడ్తడు. తడక తీసిన. మంద ఎల్లింది. ఇగ నీ ఇష్టమున్నది అను."

మందను బండ మీదికి తోలాను. దొడ్డి పక్కనే ఆ బండ, గడ్డిపోచ మొలవదు దాని మీద. నూట ఇరవై జీవాలు చలికి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. ఖాళీ దొడ్డిలో బావ ఒక్కడే. ఏడయింది. డబ్బా అడిగింది.

పెదవులు కదిలాయి. అక్క ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ముఖంలోకి చూస్తున్నది.

"బాగ... లేను."

"తెలుసుకున్నాను" అన్నది డబ్బా.

రెండో పొద్దు కూడా అట్లే. ఈసారి కొంచెం గట్టిగా.

మూడో పొద్దు మందను బండ మీదికి తోలి నిలబడ్డానో లేదో, ఏడు కావడానికి అయిదు నిమిషాలుందనగా అక్క ఫోను మోగింది. నేను దొడ్డి దగ్గరికి వచ్చాను. అక్క స్పీకరు నొక్కింది. డైరెక్టరు గారి మెత్తటి గొంతు.

"బీరయ్య గారూ, రెండు రోజులుగా వేరే జవాబు చెప్తున్నారట. పొరపాటు పడుతున్నట్టున్నారు. మీ వివరాలన్నీ నా ముందు ఉన్నాయి. మీరు చాలా బాగున్నారు. అవునా?"

బావ ఫోనుకే లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. "అయ్యో సారూ, మంచిగ..." అని ఆగాడు.

నా దగ్గరున్న మాటలు అయిపోయాయి. బావ జోడించిన తన చేతులను తనే చూసుకున్నాడు. మెల్లగా విడదీశాడు.

"సారూ, మా అవ్వ పాడె మీదున్న పొద్దుగూడ మీ డబ్బాకు మంచిగున్నననే చెప్పిన. అది మా మర్యాద." ఊపిరి అందుకున్నాడు. "ఆ మర్యాదను రోగం జేసి నా గుండెల వెట్టిండ్రు."

"ఆవేశపడకండి. మీ గుండెకు మంచిది కాదు..."

"నా గుండెనే సారూ. మీది గాదు." ఆరో ఊపిరి. రింగు పట్టింది. గుంజ పట్టుకుని జారుతూ నేల మీద కూర్చున్నాడు. అక్క లేపబోతే చెయ్యి విదిలించాడు. "నా బొమ్మ... తీసేయిండ్రి. నా పేరు మీద... ఎవలకు వెట్టకుండ్రి."

"బీరయ్య గారూ, అది మీరు నిర్ణయించే..."

అక్క ఫోను నొక్కేసింది. గుంజ మీది డబ్బా మాట్లాడింది.

"బీరయ్య గారూ, నమస్కారం. ఈ రోజు ఎలా ఉన్నారు?"

పెదవులు పూర్తిగా బూడిద. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఒక చెయ్యి రొమ్ము మీద ఉంది. ఇంకో చేత్తో డబ్బాను గుంజ మీది నుంచి పెరికి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"బాగలేను. నీయవ్వ... బాగలేను. ఆనాడు బాగలేను. ఈనాడు బాగలేను."

"తెలుసుకున్నాను. వరుసగా మూడు రోజులు మీరు బాగాలేరని చెప్పారు. ఇప్పటివరకు నేర్చుకున్నది మరిచిపోతున్నాను."

లెక్కపెట్టాను. ఒకటి. రెండు. అక్క ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. నాలుగు. అయిదు. ఆరో ఊపిరి వచ్చింది. పోయింది. ఏడో ఊపిరి లోపలికి పోతూనే ఉంది, పోతూనే ఉంది. ఎండిన కాలువలో నీళ్లు విడిచినట్టు పెదవుల మీదికి రంగు పాకింది. చెవి భుజం మీది నుంచి లేచింది.

ఇక నలభై పొద్దులు ఆ గుండెకు కాపలా లేదు. అది ముగ్గురికీ తెలుసు.

బావ కళ్లు తెరిచి మొదట అక్కను చూశాడు. తర్వాత నన్ను. తర్వాత నా వెనక దూరంగా ఏదో చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఏం జూస్తున్నవ్‌రా కొంరెల్లీ, ఎడ్డి నా కొడకా! బండ మీద నిలవెట్టుమంటే నా మొకం జూస్కుంట నిలవడ్డవ్! అన్ని మంచు గడ్డిల వడ్డయిరా, ఉరుకు!"

గుట్ట అవతల ఎవరి మందో తల ఎత్తి ఉంటుంది.

నేను ఉరికాను.